కారు పనికి చేతి పనిముట్లు: పెట్టె సెట్టు కొనాలా, విడిగా ఏరుకోవాలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు చెన్నైలో పెరుంగుడి వైపు ఉంటున్నారు, పదేళ్ల నాటి పెట్రోలు స్విఫ్ట్ ఒకటి కొన్నారు, ఆయిలు మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం, స్పార్క్ ప్లగ్గులు చూసుకోవడం వంటి పనులు అపార్ట్‌మెంటు పార్కింగులోనే స్వయంగా చేసుకోవాలనుకుంటున్నారు. పది వేల రూపాయలు చేతిలో పెట్టుకుని, వందకు పైగా వస్తువులున్న పెట్టె సెట్టు కొనాలా, లేక పనిముట్లను విడివిడిగా కొనుక్కోవాలా, వీటిలో ఏవి ఎక్కువ కాలం మన్నుతాయి అని అడిగారు.

విడిగానే కొనండి, అది కూడా ఒకేసారి కాకుండా పనిని బట్టి కొనండి. ఉన్న డబ్బులో ఎక్కువ భాగాన్ని బిగుసుకుపోయిన బోల్టును నేరుగా పట్టుకునే వస్తువుల మీద, అంటే ఆరు మూలల సాకెట్లు (బోల్టు తల మీద టోపీలా కూర్చునేవి), రింగ్ పానాలు (తలను చుట్టూ పట్టుకునే గుండ్రని నోరున్నవి), ఒక మంచి స్టార్ స్క్రూడ్రైవర్ మీద ఖర్చు పెట్టండి. సుత్తి, ఎక్స్‌టెన్షన్ రాడ్లు, గరాటా, డ్రెయిన్ ట్రే వంటివి సాధారణ రకమైనా ఏ నష్టమూ లేదు. పెట్టె సెట్టులో వందకు పైగా వస్తువులున్నా మీ కారుకు పనికొచ్చేవి పాతికకు మించవు. మిగిలినవన్నీ అంగుళాల కొలత సాకెట్లు, చిన్న చిన్న బిట్లు, ఎప్పటికీ తీయని అడాప్టర్లు. ఆ పాతిక నాణ్యంగా ఉండవలసిన డబ్బు ఆ మిగతా వస్తువుల్లోకి పోతుంది.

నేను అంబత్తూరులో చాలా కాలంగా కార్ల షెడ్డు నడుపుతున్నాను. మా దగ్గర పానాలు పొద్దస్తమానం చేతుల్లోనే ఉంటాయి కాబట్టి, ఇంట్లో ఎప్పుడో ఒకసారి తీసి వాడేవారికి ఏళ్ల తరబడి తెలియని లోపాలు మాకు కొద్ది నెలల్లోనే బయటపడతాయి. కింద రాసినదంతా ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

పానా రెండుగా విరగడం నిజానికి చాలా అరుదు. నోరు కొద్దికొద్దిగా విచ్చుకోవడం, సాకెట్ లోపలి మూలలు అరిగి గుండ్రబడటం, స్క్రూడ్రైవర్ కొన మెలి తిరగడం, ఇలాగే పనిముట్లు పాడవుతాయి. ఈ మార్పులు కంటికి ఆనవు, బోల్టు తల మూలలు పోయిన తరువాతే తెలుస్తాయి. అప్పుడు మీకు వచ్చే ఖర్చు ముందు పానా ధర లెక్కలోకి కూడా రాదు. తిరువాన్మియూరులో సముద్రానికి దగ్గరగా ఉండే ఒక యజమాని బ్రేక్ ప్యాడ్లు తానే మార్చుకోబోయి, తుప్పు పట్టిన క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బోల్టు మీద పన్నెండు మూలల చవక సాకెట్ వేసి తల మొత్తం గుండ్రం చేసి మా దగ్గరికి తెచ్చారు. వేడి చేసి చూశాము, తలను పట్టుకునే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ కొట్టి చూశాము, చివరికి తల మీద ఒక నట్టును వెల్డింగు చేసి తిప్పితే గాని అది ఊడలేదు. గంటలో ముగియవలసిన పని సాయంత్రం వరకు సాగింది. అందుకే పనిముట్టు మన్నికను నేను ఒకే ప్రశ్నతో కొలుస్తాను: పదేళ్ల తరువాత కూడా అది బోల్టు తలను పాడు చేయకుండా తిప్పగలదా?

సాకెట్లు ఆరు మూలలవే తీసుకోండి. పన్నెండు మూలల సాకెట్ బోల్టు తలను మూలలకు బాగా దగ్గరగా, సన్నని గీత మీద పట్టుకుంటుంది. ఆరు మూలలది, అందులోనూ లోపలి మూలలను కాస్త గుండ్రంగా తొలిచిన రకం, బలాన్ని మూల మీద పడనీయకుండా పలక మీదికి జరుపుతుంది. పనిముట్ల కంపెనీ స్నాప్-ఆన్ వారు ఫ్లాంక్ డ్రైవ్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు మంచి తయారీదారులు దాదాపు అందరూ తమ తమ పేర్లతో పాటిస్తున్నారు. రింగ్ పానాల విషయంలో మాత్రం నేను పన్నెండు మూలలవే వాడతాను. ఇరుకు చోట ఆరు మూలలది 60 డిగ్రీలు తిరిగితే గాని మళ్లీ కూర్చోదు, పన్నెండు మూలలది 30 డిగ్రీలకే కూర్చుంటుంది. బాగా తుప్పు పట్టిన బోల్టు కనిపిస్తే రింగ్ పానాను పక్కన పెట్టి సాకెట్ తీసుకుంటాను.

కొలతల సంగతికి వస్తే, జపాను పద్ధతిలో తయారయ్యే కార్లలో 8, 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్ల తలలే ఎక్కువగా తగులుతాయి. 6 మిల్లీమీటర్ల మందమున్న బోల్టుకు 10 తల, 8 బోల్టుకు 12 తల, 10 బోల్టుకు 14 తల ఉంటాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వంటి యూరపు కార్లలో అదే 8 బోల్టుకు 13 తల, 10 బోల్టుకు 16 తల వస్తాయి, వాటికి తోడు టార్క్స్ తలలు (ఆరు కొనల నక్షత్రం ఆకారంవి), లోపల పన్నెండు పళ్లున్న స్ప్లైన్ బోల్టులు కూడా ఎదురవుతాయి. మీది మారుతి గనుక ముందు ఆ ఆరు కొలతలు మంచివి కొనండి, 13 తరువాత చూసుకోవచ్చు. 10, 12, 14 కొలతల్లో పొట్టి సాకెట్‌తో పాటు పొడవాటి డీప్ సాకెట్ కూడా ఉంటే స్టడ్ (తల లేని మరల కడ్డీ) మీది నట్టులకు ఇబ్బంది ఉండదు. స్పార్క్ ప్లగ్గు సాకెట్ 16 మిల్లీమీటర్లదో 14 మిల్లీమీటర్లదో పాత ప్లగ్గును కొలిచి చూసుకుని, లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నది కొనండి.

డ్రైవ్ కొలత, అంటే సాకెట్‌లో దూరే చదరపు మొన కొలత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దుకాణాల్లో అర అంగుళం సెట్టునే చేతిలో పెడతారు. అది చక్రాలకు, సస్పెన్షనుకు సరిపోతుంది. ఇంజను మీది చిన్న బోల్టులకు అది ప్రమాదకరం. సాధారణ 8.8 గ్రేడు ఉక్కు బోల్టుల్లో 6 మిల్లీమీటర్లది సుమారు 10 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) బిగింపును, 8 మిల్లీమీటర్లది సుమారు 25ను, 10 మిల్లీమీటర్లది సుమారు 50ను కోరుతాయి. పాతిక సెంటీమీటర్ల పొడవున్న అర అంగుళం రాచెట్ (సాకెట్‌ను తీయకుండానే ముందుకూ వెనక్కూ ఊపి తిప్పే పళ్ల హ్యాండిల్) చివర పది కిలోల బలం పెట్టినా దాదాపు 25 న్యూటన్ మీటర్లు వచ్చేస్తాయి, అంటే చిన్న బోల్టుకు కావలసిన దానికి రెండున్నర రెట్లు. అల్యూమినియం భాగంలో ఉన్న బోల్టయితే మరలు ఊడి చేతిలోకి వస్తాయి. పానాల పొడవు కొలతను బట్టి పెరుగుతూ ఉండటానికి కారణం ఇదే, 10 నంబరు పానాను పొట్టిగా చేయడం పొదుపు కోసం కాదు. కాబట్టి మీ మొదటి రాచెట్టూ సాకెట్లూ మూడు బై ఎనిమిది అంగుళాల డ్రైవులో కొనండి. చక్రాల కోసం అర అంగుళంలో ఒక పొడవాటి బ్రేకర్ బార్ (పళ్లు లేని గట్టి హ్యాండిల్), ఒకే ఒక్క 19 సాకెట్ చాలు.

రాచెట్‌తో బిగుసుకున్న నట్టును వదులు చేయకూడదు. లోపల ఉండే పంజా చిన్నది, పళ్లు సన్నవి. 72 పళ్ల రాచెట్ 5 డిగ్రీలకే తిరుగుతుంది కాబట్టి ఇరుకులో హాయిగా ఉంటుంది గాని, దాని హ్యాండిల్‌కు పైపు తొడిగి లాగితే పళ్లు జారిపోతాయి, అవి జారినప్పుడు మీ చేతి కణుపులు రేడియేటర్ సపోర్టుకు తగులుతాయి. వదులు చేయడానికి బ్రేకర్ బార్ గాని ఎల్-హ్యాండిల్ గాని వాడి, తిరగడం మొదలైన తరువాత రాచెట్ వేయండి. కొన్ని టైరు దుకాణాల్లో చక్రాల నట్టులను గాలి తుపాకీతో అవసరానికి మించి బిగిస్తారు. అలాంటి నట్టుల మీద రాచెట్లు పోగొట్టుకుని వచ్చినవారిని నేను తరచుగా చూస్తుంటాను.

మన షెడ్లలో అందరూ వాడే టి-పానాను ఇంటర్నెట్టు చూసి పని నేర్చుకున్నవారు పట్టించుకోరు. 10, 12 కొలతల టి-పానాలు రెండు కొనండి. బంపరు, ఎయిర్ ఫిల్టరు డబ్బా, బ్యాటరీ క్లాంపు వంటి చోట్ల దానితో పోటీ పడే వస్తువు లేదు, చెడిపోవడానికి అందులో కదిలే భాగమూ లేదు.

ఉక్కు మీద ముద్రను చూసి మోసపోకండి. క్రోమ్ వెనేడియం అనే అక్షరాలు ఇప్పుడు ప్రతి పానా మీదా కనిపిస్తాయి. మిశ్రమం ఎంత మంచిదైనా, దానికి చేసిన ఉష్ణ చికిత్సే పానా గుణాన్ని నిర్ణయిస్తుంది. మరీ మెత్తగా ఉంటే నోరు విచ్చుకుంటుంది, మరీ గట్టిగా ఉంటే పెళుసుబారి పగులుతుంది. మంచి పానాలు సాధారణంగా రాక్‌వెల్ సి అనే గట్టిదనపు కొలతలో 40కి కాస్త పైన ఉంటాయి. దీనిని దుకాణంలో కొలవలేము కాబట్టి కొలవగలిగినవే చూడాలి. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో మీ కారుకు సరిపోయే కొత్త బోల్టులు 10, 12, 14 తలలవి తలా ఒకటి కొని జేబులో వేసుకుని పనిముట్ల దుకాణానికి వెళ్లండి. పానా నోటిలో బోల్టు తలను పెట్టి అటూ ఇటూ ఆడించండి. ఒకే ధరలో ఉన్న రెండు కంపెనీల పానాల మధ్య తేడా అప్పుడే చేతికి తెలిసిపోతుంది. సాకెట్‌ను తిప్పి లోపల చూడండి. అంచు దగ్గర ఏటవాలుగా చెక్కిన భాగం ఎక్కువ లోతుగా ఉంటే, పలచని తల ఉన్న బోల్టును అది పైపైనే పట్టుకుంటుంది. కటింగ్ ప్లేయర్‌ను మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. కోసే అంచుల మధ్య నుంచి వెలుతురు వస్తున్నా, కీలు పక్కకు ఊగుతున్నా దానిని వదిలేయండి.

నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లు వేరే జాతివి. వాటిని క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో, మందమైన గోడలతో, దెబ్బను తట్టుకునేలా తయారు చేస్తారు. బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచ్ ఎప్పుడైనా కొంటే మెరిసే క్రోమ్ సాకెట్‌ను దానికి తగిలించవద్దు, అది పగిలితే ముక్కలు ముఖం మీదికి ఎగురుతాయి. క్రోమ్ పూత పొరలుగా లేస్తున్న పానాను కూడా వాడకండి. ఆ పొర బ్లేడులా చేతిని కోస్తుంది.

స్క్రూడ్రైవర్లలో చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. హెన్రీ ఫిలిప్స్ పేరు మీద 1936లో పేటెంటు పొందిన స్టార్ గాడి ఒకటి, జపాను వారి ప్రమాణంలో ఉండే స్టార్ గాడి మరొకటి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గాని, జపాను రకం స్క్రూలో ఫిలిప్స్ కొన అడుగు దాకా దిగదు, బలంగా తిప్పితే పైకి జారి గాడిని తినేస్తుంది. తల మీద చిన్న చుక్క ఉన్న స్క్రూ కనిపిస్తే అది జపాను రకమని గుర్తించవచ్చు. పాత జపాను కార్లు, మోటారు సైకిళ్లలో ఇవి విరివిగా ఉంటాయి. జపాను కంపెనీ వెసెల్ వారి స్క్రూడ్రైవర్ 2 నంబరుది ఒకటి కొంటే రెండు రకాలకూ సరిపోతుంది. పిడి చివర వరకు ఉక్కు కడ్డీ వచ్చి, సుత్తితో కొట్టడానికి వీలున్న రకమైతే మరీ మంచిది. మెత్తని రబ్బరు పిడులు పెట్రోలు, బ్రేక్ ఆయిలు తగిలితే ఉబ్బి జిగురు పడతాయి. పారదర్శకంగా ఉండే సెల్యులోజ్ ఎసిటేట్ పిడులు ఆయిలును, పెట్రోలును చాలా వరకు తట్టుకుంటాయి. చేతికి మెత్తగా ఉండవు, కానీ నేను వాటినే కొంటాను.

బ్రేకు పైపుల నట్టుల కోసం ఫ్లేర్ నట్ పానా (పైపు దూరేలా చీలిక ఉన్న రింగ్ పానా) ఒకటి వేరుగా ఉండాలి, మారుతిలో సాధారణంగా 10 మిల్లీమీటర్లది. ఆ నట్టులు మెత్తని లోహం, మామూలు డబుల్ ఎండ్ పానాతో పట్టుకుంటే రెండు మూలల మీదే బలం పడుతుంది. ప్యాడ్లు మార్చడానికి పైపు విప్పవలసిన అవసరం లేదు గనుక దీనిని తరువాత కొనవచ్చు. నోటి వెడల్పు మార్చుకునే స్క్రూ పానాతో మాత్రం బ్రేకుల దగ్గర ఏదీ ముట్టుకోకండి.

టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే పానా) కొనండి, కానీ దానిని కొలిచే సాధనంగా చూడండి. చిన్న కార్ల చక్రాల నట్టులు సాధారణంగా 80 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య బిగింపును కోరుతాయి. మీ కారు అంకె మాన్యువల్‌లో ఉంటుంది, దానినే పాటించండి. 40 నుంచి 200 వరకు కొలిచే అర అంగుళం క్లిక్ రకం (పెట్టిన అంకె చేరగానే టిక్కుమనేది) మీకు చాలు. అయితే 10 న్యూటన్ మీటర్ల బోల్టుకు అది పనికిరాదు, ఏ టార్క్ రెంచ్ అయినా తన కొలత పరిధి అడుగు భాగంలో నమ్మదగినది కాదు. ఐఎస్ఓ 6789 ప్రమాణం ఈ పరిధిలోని రెంచ్‌లకు 4 శాతం అటూ ఇటూ తేడాను అనుమతిస్తుంది, ఏడాదికి ఒకసారి గాని 5000 సార్లు వాడిన తరువాత గాని సరిచూడమంటుంది. పని అయిన వెంటనే స్ప్రింగును అతి తక్కువ గీత దాకా వదులు చేసి పెట్టెలో పెట్టండి, ఆ గీత కిందికి తిప్పవద్దు. దానితో నట్టులు విప్పకండి.

ఏ కంపెనీ అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. పానాలకు, ప్లేయర్లకు, స్క్రూడ్రైవర్లకు టపారియా మీ వాడకానికి తక్కువేమీ కాదు. స్వీడన్‌కు చెందిన బాకో సాంకేతిక సహకారంతో 1969లో చేతి పనిముట్ల తయారీ మొదలుపెట్టిన ఈ కంపెనీ పానాలు మా షెడ్డులో కూడా ఉన్నాయి. లూధియానా, జలంధర్‌లలో తయారయ్యే పానాలు విదేశాలకు పెద్ద ఎత్తున ఎగుమతి అవుతాయి, అక్కడివి కూడా నిరభ్యంతరంగా కొనవచ్చు, పైన చెప్పిన బోల్టు పరీక్ష మాత్రం చేయండి. రాచెట్, సాకెట్ల విషయంలో మాత్రం ఒక మెట్టు పైకి వెళ్లమంటాను. సాకెట్ పనిముట్లే తయారు చేసే జపాను కంపెనీ కోకెన్ సాకెట్లను ఆరు కొలతల్లో విడిగా కొనుక్కుంటే మీ తరువాతి కార్లకు కూడా అవే వస్తాయి. జర్మనీ నైపెక్స్ ప్లేయర్లు చాలా బాగుంటాయి, కానీ ఆయిలు మార్చుకునేవారికి అది సరదా ఖర్చే. పేరున్న కంపెనీలకు నకిలీలు వస్తుంటాయి కాబట్టి, నిజమైన బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. ప్యారీస్‌లో లింగిచెట్టి వీధి చుట్టుపక్కల చేతిలోకి తీసుకుని చూడనిచ్చే పనిముట్ల దుకాణాలున్నాయి.

జీవితకాల వారంటీ మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను. సాధారణంగా అరుగుదలకు, పైపు తొడిగి లాగినందుకు, టార్క్ రెంచ్‌లకు ఆ వారంటీ వర్తించదు. విరిగిన సాకెట్‌ను ఇదే దుకాణంలో మార్చి ఇస్తారా, లేక కొరియర్ చేసి ఎదురుచూడాలా అని కొనేటప్పుడే అడగండి.

పది వేలను ఎలా పంచాలన్న దానికి, పానాల కంటే ముందు ఒక జత జాకీ స్టాండ్లకు డబ్బు పక్కన పెట్టండి. కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. మిగిలిన దానిలో దాదాపు సగం రాచెట్‌కు, సాకెట్లకు, పావు వంతు పానాలకు, స్క్రూడ్రైవర్‌కు కేటాయిస్తే, బ్రేకర్ బార్‌కు, ప్లేయర్‌కు ఇంకా మిగులుతుంది. టార్క్ రెంచ్ వచ్చే నెలకు ఆగవచ్చు, కానీ అప్పటి వరకు మీరు చేతి అంచనాతో బిగించిన చక్రాల నట్టులను ఏదైనా షెడ్డులో టార్క్ రెంచ్‌తో సరిచూపించుకోండి.

చెన్నైలో పనిముట్లకు అసలు శత్రువు గాలిలోని ఉప్పూ తేమా. చెమట చేతులతో పట్టుకున్న పానాను తుడవకుండా పెట్టెలో పడేస్తే వారం తిరక్కుండానే వేలిముద్రల ఆకారంలో తుప్పు లేస్తుంది. పని అయిన తరువాత పాత నూలు గుడ్డ మీద కుట్టు మిషను ఆయిలు నాలుగు చుక్కలు వేసి తుడిచి పెట్టండి. నల్లని ఇంపాక్ట్ సాకెట్లకు క్రోమ్ పూత ఉండదు గనుక వాటికి ఇది మరీ అవసరం. స్పాంజి అచ్చుల పెట్టెలు చూడముచ్చటగా ఉంటాయి గాని తేమను పట్టి ఉంచుతాయి, వానాకాలంలో మూత తీసి ఆరనివ్వాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను సమయంలో పార్కింగుల్లోకి నీరు చేరిన తరువాత, మునిగిన పెట్టెలు పట్టుకుని చాలామంది వచ్చారు. పానాలను మంచి నీటితో కడిగి, వెంటనే ఎండబెట్టి, ఆయిలు పట్టిస్తే దాదాపు అన్నీ దక్కాయి. రాచెట్లను విప్పి, కిరోసిన్‌తో కడిగి, పలుచని గ్రీజు పెట్టవలసి వచ్చింది. మునిగిన టార్క్ రెంచ్‌ను మాత్రం సరిచూపించకుండా మళ్లీ వాడవద్దని అందరికీ చెప్పాను.

పాత కారు సామాన్ల బజారు పుదుపేటలో పాత పనిముట్లు కొనవచ్చా అని చివర్లో అడిగారు. పానాలు, రింగులు, సుత్తులు నిస్సందేహంగా కొనవచ్చు. పాత గెడోర్, బాకో పానాలు ఇనుప సామాను కుప్పల్లో దొరికితే వదలకండి, పైన తుప్పున్నా నోరు సరిగా ఉంటే చాలు. మీ జేబులోని బోల్టులు అక్కడ కూడా పనికొస్తాయి. పక్కన గ్రైండింగు చేసి పలచబరచిన పానాలను, వేడి చేసి వంచిన వాటిని కొనకుండా వదిలేయండి, వేడి తగిలిన చోట ఉక్కు గట్టిదనం పోయి ఉంటుంది. రాచెట్‌ను పదిసార్లు రెండు వైపులా తిప్పి, పళ్లు ఎక్కడా జారడం లేదని తేలితేనే తీసుకోండి. టార్క్ రెంచ్‌ను, జాకీ స్టాండ్లను మాత్రం అక్కడ ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.